ఐరోపా మస్జిదులు: మీనారు కన్నా ముందు దస్తావేజు

మన ఇళ్ళలో గోడలకు వేలాడే క్యాలెండర్ల మీద ఐరోపా మస్జిదుల బొమ్మలు తరచూ కనిపిస్తుంటాయి. ఎరుపు, తెలుపు వన్నెలు ఒకదాని పక్కన ఒకటిగా సాగే కొర్దోవా కమానులు, లండన్‌లోని రీజెంట్స్ పార్కు చెట్ల మీదుగా మెరిసే బంగారు వన్నె గుంబదు మన పిల్లలకు కూడా పరిచయమే. సభల్లో వక్తలు వీటిని గురించి సాధారణంగా రెండు విధాలుగా మాట్లాడతారు. గత వైభవాన్ని తలచుకొని గర్విస్తారు, లేదా చేజారిన దానిని తలచుకొని కంటతడి పెడతారు. ఆ రెండింటినీ నేను తప్పుపట్టను. అయితే ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య బతికినవాణ్ణి కావడం వల్ల నా చూపు కమానుల మీద ఎక్కువసేపు నిలవదు. ఆ కట్టడం ఎవరి పేరున ఉంది, ఆ పేరు ఎప్పుడు, ఏ విధంగా రికార్డులోకి ఎక్కింది అన్న ప్రశ్న వైపే పోతుంది. ఐరోపా ఖండపు మస్జిదుల చరిత్రను ఈ ఒక్క ప్రశ్న చేతపట్టుకొని చదివితే మన ముతవల్లీలకు, మస్జిదు కమిటీలకు పనికివచ్చే సంగతులు ఎన్నో దొరుకుతాయి.

మొదట కొర్దోవానే తీసుకుందాం. క్రీ.శ. 785 ప్రాంతంలో ఉమవీ వంశీయుడైన మొదటి అబ్దుర్రహ్మాన్ ఈ జామె మస్జిదుకు పునాది వేశాడు. తరువాతి రెండు శతాబ్దాలలో పాలకులు దానిని విస్తరిస్తూ పోయారు. 1236లో కస్తీలియా రాజు మూడవ ఫెర్దినాందు నగరాన్ని జయించినప్పుడు అది కెథడ్రల్‌గా మారింది. 16వ శతాబ్దంలో స్తంభాల వనం నడుమ పెద్ద ఆరాధన మందిరాన్ని లేపారు. ఇదంతా మన చదువరులకు తెలిసిన కథే. తెలియనిది, కనీసం మన సభల్లో ఎవరూ చెప్పనిది, 2006లో జరిగిన ఒక చిన్న వ్యవహారం. ఆ ఏడాది కొర్దోవా చర్చి అధికారులు ఆస్తుల నమోదు కార్యాలయంలో ఆ మొత్తం కట్టడాన్ని తమ పేరున నమోదు చేయించుకున్నారు. అందుకైన రుసుము 30 యూరోలు. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో రెండు వేల రూపాయలకు లోపే.

అదెలా సాధ్యమైంది? స్పెయిన్‌లో ఆస్తుల నమోదు చట్టం ప్రకారం ఆరాధన స్థలాలను ఆ రిజిస్టరులోకి ఎక్కించడం చాలాకాలం వరకు కుదిరేది కాదు. 1998లో జరిగిన సవరణ ఆ అడ్డు తొలగించింది. వేరే హక్కు పత్రం లేకపోయినా బిషప్ ఇచ్చే ధ్రువీకరణ చాలునన్న పాత వెసులుబాటు దానికి తోడైంది. 2015లో ఆ వెసులుబాటును ఎత్తివేశారు గాని అప్పటికే జరిగిపోయిన నమోదులు అలాగే ఉండిపోయాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ నమోదును ప్రశ్నించి వీధికెక్కినవారిలో అత్యధికులు ముస్లిములు కారు. అది ఒక మతం ఆస్తి కాదని, ప్రజలందరి ఉమ్మడి వారసత్వమని వాదించినవారు ఆ ఊరి సామాన్య స్పానిష్ పౌరులు, ఆచార్యులు, న్యాయవాదులు. పరాయి దేశంలో మన పక్షాన న్యాయం అడిగేవారు లేరని అనుకోవడం మనకు అలవాటు. కొర్దోవా పౌరులు ఆ అలవాటుకు సమాధానం చెప్పారు.

ఇంతవరకు చదివి తల ఊపిన సోదరులు ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా ఓపికగా వినాలి. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా ఐరోపా ఒడ్డునే ఉంది. 537లో చర్చిగా పూర్తయింది, 1453లో మస్జిదుగా మారింది, 1934 నాటి మంత్రివర్గ నిర్ణయంతో మ్యూజియం అయింది. 2020 జులైలో తుర్కీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. రికార్డు ప్రకారం ఆ కట్టడం సుల్తాన్ ఫాతిహ్ వక్ఫ్‌కు చెందినదని, మస్జిదుగానే నమోదై ఉందని, వక్ఫ్ చేసినవాడి సంకల్పాన్ని మార్చే అధికారం మంత్రివర్గానికి లేదని ఆ తీర్పు సారాంశం. ఆ జులై 24న అక్కడ జుమా నమాజు జరిగింది. మన వాట్సాప్ గ్రూపులలో ఆనాడు మిఠాయిల బొమ్మలు పొంగిపొర్లాయి. కాగితం దృష్టితో చూస్తే ఆ తీర్పులో తర్కం ఉంది. అయితే కొర్దోవా చర్చి దగ్గర కూడా చెల్లుబాటు అయ్యే కాగితం ఉంది కదా! 1236ను ఆక్రమణ అని, 1453ను విజయమని పిలిచే నాలుకతో మనం ఏ న్యాయస్థానం ముందు నిలబడగలం? హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మఖ్దిస్‌లో చర్చి లోపల నమాజు చేయడానికి అంగీకరించక, రేపు ఎవరైనా దానిని సాకుగా చేసుకొని చర్చిని లాక్కుంటారేమోనని వెలుపల చేశారన్న వృత్తాంతాన్ని మనమే పిల్లలకు చెబుతుంటాం. ఆ కొలబద్దను ఇస్తాంబుల్ దగ్గర పక్కన పెట్టి కొర్దోవా దగ్గర చేతికి తీసుకోవడం నాకు సమ్మతం కాదు. మైనారిటీగా బతికే మనకు ఒకే కొలబద్ద పట్టుకోవడంలోనే రక్షణ ఉంది.

ప్రతి మార్పూ ఆక్రమణ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. లండన్ తూర్పు ప్రాంతంలో బ్రిక్ లేన్ అనే వీధి మూలన ఒక ఇటుకల కట్టడం ఉంది. ఫ్రాన్సులో మతపీడన తాళలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంటు నేత పనివారు 1743లో దానిని ప్రార్థనాలయంగా కట్టుకున్నారు. తరువాత అది మెథడిస్టు క్రైస్తవులదైంది. 19వ శతాబ్దం చివర రష్యా వైపు నుంచి వలస వచ్చిన యూదులది అయింది. వారు బాగుపడి వేరే పేటలకు తరలిపోయాక 1976లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మన సోదరులు దానిని కొని జామె మస్జిదు చేసుకున్నారు. గోడ మీది పాత నీడ గడియారాన్ని ఎవరూ చెరపలేదు. అక్కడ ఏ గుంపూ గునపాలు పట్టుకొని రాలేదు. వెళ్ళేవారు అమ్మారు, వచ్చినవారు కొన్నారు.

గునపాలు, మందుగుండు పట్టుకొని వచ్చిన చోటు బోస్నియా. ఈ భాగం కొంచెం వివరంగా చెప్పాలి. బాబ్రీ మస్జిదు కూలిన అయిదు నెలలకే అక్కడ జరిగిన దానిని మన తరం వార్తాపత్రికల్లో చదివింది గాని, తరువాత ఏమైందో పట్టించుకోలేదు.

బాన్యా లూకా నగరంలో 1579లో కట్టిన ఫర్హాదియా మస్జిదు ఉండేది. 1993 మే 6వ తేదీ అర్ధరాత్రి దాటాక, తెల్లవారితే 7 అనగా, దానిని మందుగుండుతో పేల్చివేశారు. ఆ యుద్ధకాలంలో ఆ నగరంలోని 16 మస్జిదులలో ఒక్కటీ మిగలలేదు. విశేషమేమిటంటే ఆ ఊళ్ళో ముఖాముఖి యుద్ధమే జరగలేదు. తుపాకీ గుళ్ళ నడుమ చిక్కుకొని కూలిన కట్టడాలు కావవి. శిథిలాలను లారీలలో తీసుకుపోయి ఊరి చెత్తకుప్పలో పారబోశారు. స్థలం చదునైంది. ఇక్కడ మస్జిదు ఎప్పుడూ లేదని రేపు చెప్పుకోవడానికి వీలుగా!

దానికి ఏడాది ముందు, 1992 మే నెలలో, సరాయెవో నగరంలోని ప్రాచ్య విద్యా సంస్థ మీద గుండ్ల వర్షం కురిపించి తగలబెట్టారు. 5,000కు పైగా చేతిరాత గ్రంథాలు అందులో ఉండేవి. వాటితో పాటు ఉస్మానియా కాలపు భూమి రికార్డులు, పాలనా పత్రాలు కూడా ఉండేవి. నా వంటి గుమాస్తాకు ఈ రెండు సంఘటనలూ ఒకే పనిగా కనిపిస్తాయి. ఒక చోట కట్టడాన్ని లేకుండా చేశారు, మరొక చోట అది ఉండేదని చెప్పే కాగితాన్ని లేకుండా చేశారు.

అయితే కాగితమంతా ఒకే బీరువాలో ఉండదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసే ఆంద్రాస్ రీడల్మయర్ అనే గ్రంథపాలకుడు తన సహచరులతో కలిసి, కాలిపోయిన ఆ గ్రంథాలకు విదేశీ పరిశోధకుల దగ్గర మిగిలిన నకళ్ళను వెదికే పనికి పూనుకున్నాడు. తరువాత ఊరూరా తిరిగి కూల్చిన మస్జిదుల, చర్చిల ఛాయాచిత్రాలు తీసి, కూల్చక ముందటి బొమ్మలతో జతపరచి, పట్టికలు తయారుచేశాడు. ది హేగ్‌లోని పూర్వ యుగొస్లావియా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్‌లో మిలోసెవిచ్ విచారణతో సహా పలు కేసులలో ఆ పట్టికలతో సాక్ష్యం చెప్పాడు. అదే న్యాయస్థానం 2004లో ఆ ప్రాంతపు నాయకుడు బ్రజానిన్‌ను దోషిగా తేల్చినప్పుడు, నిర్ధారించిన నేరాలలో ఆరాధన స్థలాల విధ్వంసం కూడా ఉంది. ఆ గ్రంథపాలకుడు ముస్లిమూ కాడు, సైనికుడూ కాడు. ఆయన చేతిలో ఉన్నవి ఒక కెమెరా, ఒక వరుస క్రమం.

ఫర్హాదియాను తిరిగి కట్టడం సులభంగా జరగలేదు. 2001 మే 7న శంకుస్థాపనకు వచ్చినవారి మీద మూక రాళ్ళతో విరుచుకుపడింది. ఒక వృద్ధుడు ఆ గాయాలతో కన్నుమూశాడు. మరుసటి నెల గట్టి పోలీసు బందోబస్తు మధ్య రాయి వేశారు. పాత ఛాయాచిత్రాలు, కొలతల పటాలు ముందు పెట్టుకొని సరాయెవో వాస్తుశిల్పులు చెత్తకుప్పలలోంచి వెలికితీసిన పాత రాళ్ళను గుర్తించి, పనికివచ్చిన ప్రతి రాయినీ దాని చోట తిరిగి అమర్చారు. 2016 మే 7న మస్జిదు తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. సరిగ్గా 23 ఏళ్ళు. రాళ్ళు దొరికినా కొలతలు లేకుంటే ఏ రాయి ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

ఇంగ్లండులోని మస్జిదుల కథలో మన హైదరాబాదుకు కూడా వాటా ఉంది గనుక కొంచెం అటు చూద్దాం. లండన్‌కు సమీపాన వోకింగ్ అనే ఊళ్ళో 1889లో షాజహాన్ మస్జిదు వెలిసింది. భోపాల్ నవాబు షాజహాన్ బేగం ఇచ్చిన విరాళంతో కట్టినది గనుక ఆ పేరు. కట్టించిన లైట్నర్ హంగేరీలో పుట్టిన పండితుడు, అంతకు ముందు లాహోర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్. పక్కనే ఉన్న ఇంటికి హైదరాబాదు దివాను సాలార్‌జంగ్ పేరు పెట్టారు. ఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించి, మన చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి కూడా ఆ దగ్గరలోని బ్రూక్‌వుడ్‌లోనే ఉంది. ఇంత ఘనత గల మస్జిదు, లైట్నర్ 1899లో మరణించాక పుష్కరకాలం పైగా దాదాపు మూతపడి ఉంది. స్థలం ఆయన వారసుల చేతికి పోయి అమ్మకం దాకా వచ్చింది. సయ్యద్ అమీర్ అలీ వంటి న్యాయ కోవిదులు నడుం కట్టి, అది ట్రస్టు చేతికి వచ్చేదాకా పట్టు విడవలేదు. బేగం సాహిబా డబ్బు ఇచ్చారు, లైట్నర్ గుంబదు లేపాడు. ఆ తరువాత ఎవరి బాధ్యత అన్నది మాత్రం గట్టిగా రాసుకోలేదు. మన జిల్లాలలో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

అదే హైదరాబాదు, లండన్ నగరంలో నిజామియా మస్జిదు కట్టాలని కూడా తలపెట్టింది. ఏడవ నిజాం భారీ విరాళం ప్రకటించారు. 1937లో యువరాజు ఆజం జా స్వయంగా వెళ్ళి శంకుస్థాపన చేశారు. ఆ మస్జిదు ఆ రాయి దగ్గరే ఆగిపోయింది. తరువాత 1940లో, యుద్ధం మధ్యలో, బ్రిటిష్ మంత్రివర్గం మస్జిదు స్థలం కోసం లక్ష పౌండ్లు మంజూరు చేసింది. రీజెంట్స్ పార్కు స్థలం అలా వచ్చింది. కట్టడం పూర్తయ్యేసరికి 1977 దాటింది. అటు పేదల పేటలో తూర్పు లండన్ మస్జిదు నిధి 1910లో మొదలైతే, మొదటి మస్జిదు మూడు పాత ఇళ్ళను కలిపి తెరిచింది 1941లో. ఈ రెండింటిలో నా మనసుకు దగ్గరైనది రెండవదే. కారణం చెబుతాను. ఆ నిధి కమిటీ 1910 నుంచి జరిపిన సమావేశాల మినిట్స్ పుస్తకాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎంత పోగైంది, ఏ తీర్మానం జరిగింది, అన్నీ అందులో ఉన్నాయి. 2011లో హుమాయున్ అన్సారీ అనే చరిత్రకారుడు వాటిని సంపాదకత్వం వహించి గ్రంథంగా వెలువరించారు. మన ఊళ్ళో కమిటీ మారిన ప్రతిసారీ పాత కమిటీవారు మినిట్స్ పుస్తకం ఇంటికి పట్టుకుపోవడం ఆనవాయితీ. అది తిరిగి రాదు.

కాగితం మనకు అండగా నిలవడమే కాదు, మనకు ఎదురు కూడా నిలుస్తుంది. స్విట్జర్లాండులో 2009 నవంబరు 29న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, కొత్త మీనారులు కట్టరాదన్న వాక్యాన్ని రాజ్యాంగంలోనే చేర్చారు. ఓటు వేసినవారిలో 57.5 శాతం మంది నిషేధాన్ని సమర్థించారు. అప్పటికి ఆ దేశం మొత్తం మీద ఉన్న మీనారులు నాలుగే నాలుగు! గ్రీసు రాజధాని ఏథెన్సులో, స్వాతంత్ర్యం వచ్చాక మొదటి అధికారిక మస్జిదు 2020 నవంబరులో గాని తెరుచుకోలేదు. దాని కోసం చట్టం చేసింది 2006లో. మధ్యలో దావాలు, టెండర్లు, నిరసనలు. అంతవరకు వేలాది కూలిజనం నేలమాళిగలలో, గ్యారేజీలలో జుమా చదువుకున్నారు. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో 1969లో పెట్టిన దరఖాస్తుకు 2020లో మస్జిదు రూపం వచ్చింది. యాభై ఏళ్ళ ఫైలు! గ్రానడాలో అల్ హమ్రాకు ఎదురుగా ఉన్న కొండ మీద మస్జిదుకు 1981లో స్థలం కొని, 2003 దాకా ఓపిక పట్టారు. ఈ ఊళ్ళలో మనవాళ్ళు గెలిచింది నినాదంతో కాదు. దరఖాస్తు తిరస్కరించిన ప్రతిసారీ మరో దరఖాస్తు పెట్టారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జర్మనీలోని కొలోన్ నగరంలో పాల్ బోమ్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో గాజు, కాంక్రీటుతో కట్టిన మస్జిదు నిజంగానే చూడముచ్చటైనది. అక్కడి ఛాందసులు ఎంత వ్యతిరేకించినా నగర మండలి అనుమతి ఇచ్చింది. కాని ఆ మస్జిదును నడిపే సంస్థ తుర్కీ ప్రభుత్వ మత శాఖతో ముడిపడినది. 2018లో ప్రారంభోత్సవం తుర్కీ అధ్యక్షుడి చేతుల మీదుగా జరిగింది. మొదటినుంచీ అండగా నిలిచిన స్థానిక నాయకులు, నగర మేయరుతో సహా, ఆనాడు అక్కడ లేరు. కేంబ్రిడ్జిలో 2019లో తెరిచిన మస్జిదు మరో దారి పట్టింది. కొయ్య స్తంభాలు చెట్ల కొమ్మల వలె పైకి విచ్చుకునే ఆ కట్టడంలో వాహనాలు నిలిపే చోటును నేల కిందకు తీసుకుపోయారు, జుమా రోజు ఇరుగుపొరుగు ఇళ్ళ ముందు వాహనాలు అడ్డం పడకూడదని. వీధి వైపు తోట అందరికీ తెరిచి ఉంటుంది. తుర్కీ నుంచి వచ్చిన డబ్బు అక్కడా ఉంది గాని, పొరుగువాడి గుమ్మాన్ని వారు మరువలేదు. పోలెండులో క్రుషినియానీ అనే పల్లెలో తాతార్ ముస్లిముల కొయ్య మస్జిదు ఉంది. దూరం నుంచి చూస్తే ఆ ప్రాంతపు పల్లె చర్చి అనే అనుకుంటాం. 1679లో అక్కడి రాజు సోబియెస్కీ, తన సైన్యంలో పనిచేసిన తాతార్లకు జీతం బదులు భూములు రాసి ఇచ్చాడు. ఆ జనం ఈనాటికీ కొద్దిమందైనా అక్కడ ఉన్నారు.

మన సంగతికి వస్తే, 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం "వాడుక ద్వారా వక్ఫ్" అనే మాటను నిర్వచనంలోంచి తీసివేసింది. ఆ చట్టం మీద మన అభ్యంతరాలు సహేతుకమైనవి, న్యాయపోరాటం సాగవలసిందే. కాని తరతరాలుగా నమాజు జరుగుతున్నదే చాలు, వేరే రుజువు దేనికి అని కూర్చునే రోజులు పోయాయి. పదవీ విరమణ తరువాత నేను తిరిగిన మస్జిదులలో చాలాచోట్ల కాగితాలు ఇమాం గది మూల ఇనుప పెట్టెలో ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఇద్దరు ముగ్గురిని అడిగితే గాని తెలియదు. తెరిచి చూస్తే చెదలు తిన్న ఉర్దూ పత్రాలు, కరెంటు బిల్లులు కలగలిసి ఉంటాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. తెలంగాణ వైపు వారు వక్ఫ్ మున్‌తఖబ్, గెజిట్ పేజీ, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్ళు తీయించాలి. ఆంధ్ర వైపు వారు ఇనాం ఫెయిర్ రిజిస్టరు, టైటిల్ డీడు నంబరు, అడంగల్, రీసెటిల్‌మెంటు రిజిస్టరు చూసుకోవాలి. నాలుగు హద్దులూ కనిపించేలా మస్జిదుకు, ఖబరస్తానుకు ఛాయాచిత్రాలు తీసి తేదీ వేయాలి. టేపు పట్టుకొని గోడల కొలతలు రాయించాలి. ఆ పనికి ఇంజనీరింగ్ చదివే మన అబ్బాయిలు, అమ్మాయిలు చాలు. ఒక ప్రతి మస్జిదులో, ఒక ప్రతి మరో ఊళ్ళో, ఒకటి కంప్యూటరులో ఉంచాలి. ఎవరైనా రికార్డు ఇవ్వము పొమ్మంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. సర్వే నంబరు తప్పక వేయండి, రసీదు తీసుకోండి.